పాత లారీలో ఆయిల్ ప్రెషర్ పడిపోతే ముందు ఏం చూడాలి, ఏ కిచకిచను దేనికి ముడిపెట్టాలి

జమ్మలమడుగు వైపు గనుల్లో నాపబండలు ఎత్తుకుని, ఎర్రగుంట్ల మీదుగా కడప చేరి, అక్కడి నుంచి గువ్వలచెరువు ఘాటు ఎక్కి రాయచోటి, చిత్తూరు దిశగా సాగే మా ఆరు టైర్ల లారీ ఇప్పటి కంప్యూటర్ బండ్లకు ముందు తరానిది. ఇంజను ఆరు సిలిండర్ల డీజిల్ ఇంజను. డీజిల్ పంపు, సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే నాజిళ్ళు అన్నీ పాత పద్ధతిలో పనిచేసేవే కనుక తప్పు ఎక్కడుందో తెర మీద చూపించే ఏర్పాటు ఏదీ అందులో లేదు. ఈ వేసవిలో ఘాటు ఎక్కిన తరువాత బండి ఆపి ఐడ్లింగ్‌లో ఉంచితే ఆయిల్ ప్రెషర్ మీటరు ముల్లు సున్నా దగ్గరకు వాలడం, దానితోపాటే ఇంజను వైపు నుంచీ బండి కింది నుంచీ రకరకాల కిచకిచలు రావడం మొదలైంది. "అన్నా, ముల్లు పడిపోతాంది, ఇంజను అరుస్తాంది, బోరుకొచ్చిందేమో" అని డ్రైవరు ఫోనులో చెప్పాడు.

విన్న వారందరూ ఆ రెండు లక్షణాలనూ కలిపి ఒకే తీర్పు చెప్పారు: ఇంజను దించి బోరు పని, అంటే అరిగిన సిలిండర్లను చెక్కించే పని చేయించాలని కొందరు, చిక్కటి ఆయిల్ పోసి వేసవి గడిపేయమని కొందరు, ఎక్కువైన ఆయిల్‌ను వెనక్కి పంపే రిలీఫ్ వాల్వు స్ప్రింగు కింద ఒక వాషరు పెడితే ముల్లు తానే లేస్తుందని మరికొందరు. ముల్లు ఎప్పుడు పడుతోంది, ఏ వేడిలో, ఏ స్పీడులో అని మాత్రం ఎవరూ అడగలేదు. నా ఉద్దేశంలో అసలు అడగవలసింది అదే. ముల్లును పైకి లేపడం వేరు, ఇంజనులో ఆయిల్ అందవలసిన చోటికి అందేట్టు చూడటం వేరు. మొదటిది చేసి రెండోది జరిగిపోయిందనుకున్న బండ్లు చివరకు క్రాంకు (పిస్టన్ల కదలికతో తిరిగే ప్రధాన షాఫ్టు) గీతలు పడి లేత్ దగ్గరకు చేరుతాయి.

ప్రెషర్ ఎలా పుడుతుందో స్పష్టంగా తెలిస్తే సగం అయోమయం అక్కడే తీరుతుంది. ఇంజను కింద ఆయిల్ నిలిచే ఛాంబరు అడుగున ఉన్న జల్లెడ గుండా ఆయిల్‌ను పీల్చే గేర్ పంపు, ఒక్కో చుట్టుకు ఒక నిర్ణీత పరిమాణంలో ఆయిల్‌ను ముందుకు తోస్తుంది. అది చేసే పని అంతే. ఆ ఆయిల్ కూలరు, ఫిల్టరు దాటి బ్లాకులోని పెద్ద దారిలోకి చేరి, అక్కడి నుంచి మెయిన్ బేరింగులకూ, క్రాంకులోని రంధ్రాల గుండా కనెక్టింగ్ రాడ్ బేరింగులకూ, క్యామ్ బుష్షులకూ వెళ్ళి, అన్నిటికంటే చివర హెడ్ పైనున్న, వాల్వులను తెరిచే రాకర్లకు అందుతుంది. ఈ దారి పొడవునా బేరింగుల సందుల్లోంచి బయటకు జారిపోతూ ఉండే ఆయిల్‌కు ఎదురయ్యే అడ్డంకే మీటరు మీద ప్రెషర్‌గా కనిపిస్తుంది. సందులు పెరిగినా, ఆయిల్ పలచబడినా, పంపుకు పీల్చుకునేందుకు ఆయిల్ సరిగా అందకపోయినా ముల్లు పడుతుంది. కాలువకు దారిలో గండ్లు పడితే మోటారు ఎంత తోడినా చివరి మడికి నీళ్ళు చేరనట్లే, ఇంజనులో ముందుగా ఎండిపోయేవి రాకర్లే.

ఆయిల్ పలచబడటం ఎంత పెద్ద విషయమో చాలామందికి తెలియదు. మన లారీల్లో ఎక్కువగా పోసే 15డబ్ల్యు40 ఆయిల్ చిక్కదనం 40 డిగ్రీల వేడి దగ్గర సుమారు 100 సెంటీస్టోకులకు (చిక్కదనం కొలత) పైగా ఉంటే, 100 డిగ్రీల దగ్గర 14, 15 సెంటీస్టోకులకు దిగిపోతుంది, అంటే ఏడో వంతుకు. 40 గ్రేడు ఆయిల్ 100 డిగ్రీల దగ్గర 12.5 నుంచి 16.3 సెంటీస్టోకుల మధ్య ఉండాలని గ్రేడు నిబంధనే చెబుతుంది. అందువల్ల ఉదయం స్టార్టు చేయగానే 4 కేజీలు (చదరపు సెంటీమీటరుకు) చూపిన ముల్లు మిట్టమధ్యాహ్నం ఘాటు ఎక్కాక ఐడ్లింగ్‌లో ఒకటిన్నరకు దిగిందంటే అది రోగం కాదు, ఆయిల్ స్వభావం. బేరింగు సందు సంగతి ఇంకా తీవ్రమైనది. సన్నని సందులోంచి జారే ద్రవం పరిమాణం ఆ సందు మందానికి ఘనం చొప్పున పెరుగుతుంది కాబట్టి, సందు రెండింతలైతే జారిపోయే ఆయిల్ ఎనిమిది రెట్లవుతుంది. కంటికి ఆనని కొద్దిపాటి అరుగుదల ముల్లును అంత కిందికి లాగడానికి కారణం ఇదే.

అన్ని ఇంజన్లకూ ఒకే అంకె సరిపోదు. నిమిషానికి వెయ్యి చుట్లకు చదరపు అంగుళానికి 10 పౌండ్లు, అంటే సుమారు 0.7 కేజీ ఉంటే చాలు అనే పాత లెక్క ఒకటి మెకానిక్కుల నోట వినిపిస్తూ ఉంటుంది. తరువాత చేతి మీటరుతో తీసిన అంకెలను ఆ లెక్క ప్రకారం చూస్తే మా బండికి ఏ జబ్బూ లేదు. కానీ పూర్తి బరువుతో గంటల తరబడి తక్కువ గేరులో ఎక్కే డీజిల్ ఇంజనుకు అది కనీసపు హద్దు మాత్రమే. దానికి దగ్గరలో ఉన్నామంటే నిశ్చింతగా ఉన్నామని అర్థం కాదు. తయారీదారు పుస్తకంలో ఆ ఇంజనుకు ఇచ్చిన అంకెను చూడాలి. అంతకంటే ముఖ్యంగా, ఆ బండి తన మంచి రోజుల్లో అదే ఘాటు మీద ఎంత చూపేదో డ్రైవరుకు గుర్తుండాలి.

అందుకే మొదట మా డ్రైవరును ఒక చిన్న నోటుపుస్తకంలో నాలుగు సందర్భాలు రాసిపెట్టమన్నాను: చల్లగా స్టార్టు చేసినప్పుడు, చదును రోడ్డు మీద మామూలు వేగంలో, ఘాటు మధ్యలో పూర్తి రేస్‌లో ఉన్నప్పుడు, ఘాటు దాటి ఆపి ఐడ్లింగ్‌లో ఉంచినప్పుడు. ఈ నాలుగు అంకెలు చేతిలో ఉంటే దారి చాలావరకు తేలిపోతుంది. వేడిగా ఉన్నప్పుడు ఐడ్లింగ్‌లో మాత్రమే పడి, రేస్ ఇవ్వగానే మామూలు స్థాయికి లేస్తే పలచబడిన ఆయిలో బేరింగుల అరుగుదలో కారణం కావచ్చు. చల్లగా ఉన్నా వేడిగా ఉన్నా, ఏ స్పీడులోనైనా తక్కువే చూపిస్తే రిలీఫ్ వాల్వు తెరుచుకుని ఇరుక్కుపోయిందేమో, పంపు అరిగిందేమో, లేదా మీటరే అబద్ధం చెబుతోందేమో చూడాలి. రేస్ పెంచుతున్న కొద్దీ పెరగవలసిన ముల్లు ఒక చోట ఆగి వణికినా, వెనక్కి దిగినా పంపుకు ఆయిల్ అందడం లేదని అనుమానించాలి: జల్లెడ మూసుకుపోయి ఉండవచ్చు, లేదా పీల్చే పైపు జాయింటు దగ్గర గాలి చొరబడుతూ ఉండవచ్చు. మా బండి విషయంలో ఐడ్లింగ్‌లో పడటం ఒకటే కాక, ఘాటు మధ్యలో పూర్తి రేస్‌లో కూడా ముల్లు లేవడం లేదని ఆ పుస్తకమే మొదట చెప్పింది. ఒక్క బేరింగుల అరుగుదల అయితే అలా ఉండదు.

ఆ తరువాత చూడవలసింది ఆయిల్ గేజీ పుల్ల. ఇంజను ఆపి, చదునైన చోట కొన్ని నిమిషాలు ఆగి, పుల్ల తుడిచి మళ్ళీ ముంచి చూడాలి. మట్టం తగ్గిందా లేదా అని మాత్రమే అందరూ చూస్తారు. పెరిగిందా అన్నది అంతకంటే ప్రమాదకరమైన ప్రశ్న. ఆయిల్ పోయకుండానే మట్టం పెరిగిందంటే అందులో డీజిల్ గానీ నీళ్ళు గానీ కలుస్తున్నాయన్నమాట. నీళ్ళు కలిస్తే మూతకింద పాలనురుగు రంగు కనిపిస్తుంది. డీజిల్ కలిస్తే రంగు మారదు కనుక వాసన చూడాలి, వేళ్ళ మధ్య రుద్ది చూడాలి, ఒక చుక్కను పీల్చుకునే తెల్లకాగితం మీద వేసి కాసేపు వదిలేయాలి. నల్లటి మచ్చ చుట్టూ ఎండిపోని పలచటి జిడ్డు వలయం వెడల్పుగా పాకితే డీజిల్‌ను అనుమానించవచ్చు. మా పుల్ల మీద ఆయిల్ పై గీత దాటి ఉంది, కాగితం మీద వలయమూ కనిపించింది.

అయినా వెంటనే నాజిళ్ళ మీద పడకుండా మీటరును పరీక్షించమన్నాను, ఎందుకంటే పాత లారీలో క్యాబిన్ మీటరు చెప్పేది పూర్తిగా నమ్మదగింది కాదు. బ్లాకుకు బిగించి, ప్రెషర్‌ను మీటరుకు తెలిపే సెండరు, దాని మరల ద్వారానే ఎర్త్ తీసుకుంటుంది. లీకు ఆగడానికి ఎవరో ఆ మరలకు టెఫ్లాన్ టేపు దళసరిగా చుట్టి ఉంటే ఎర్త్ సరిగా అందదు. ఇంజనుకూ ఛాసిస్‌కూ మధ్య ఉండే ఎర్త్ పట్టీ తుప్పు పట్టినా అదే కథ. హెడ్‌లైట్లు వేయగానే ప్రెషర్ ముల్లు కదిలితే అది ఆయిల్ సంగతి కాదు, వైరింగు సంగతి. సెండరు వైరు ఊడదీసి గాలిలో ఉంచినప్పుడు ముల్లు ఒక చివరకూ, అదే వైరును ఇంజను బాడీకి తాకించినప్పుడు రెండో చివరకూ వెళ్ళాలి. వెళ్ళకపోతే వైరులోనో మీటరులోనో లోపం ఉంది. చాలా బండ్లలో ఎర్ర లైటుకు వేరే స్విచ్చు ఉంటుంది, ప్రెషర్ అర కేజీకి అటూ ఇటూ దిగితే తప్ప అది వెలగదు. ముల్లు సున్నా చూపుతున్నా లైటు వెలగలేదంటే రెండు సాక్ష్యాలు కలవడం లేదని అర్థం. మా బండిలో లైటు వెలగలేదు.

అసలు నిజం తేల్చేది చేతి మీటరు ఒక్కటే. సెండరు విప్పిన చోటే పైపుతో కూడిన మెకానికల్ మీటరు బిగించి, ఇంజను పూర్తిగా వేడెక్కిన తరువాత చూడాలి. చల్లటి ఇంజను మీద చూసిన అంకెకు విలువ లేదు. షెడ్డులో నిలబెట్టి వేడి చేస్తే ఘాటు వేడి రాదు కాబట్టి, బండిని లోడుతో తిప్పుకొచ్చి అప్పుడు బిగించమని మేస్త్రీని ఒప్పించాను. క్యాబిన్‌లో దాదాపు సున్నా చూపుతున్న చోట చేతి మీటరు 0.6 కేజీ చూపింది. రెండు వేల చుట్ల దగ్గర 1.8 దాటలేదు. ఒకప్పుడు అదే ఇంజను వేడిలో రెండు వేల చుట్లకు మూడున్నర చూపేది. అంటే మీటరూ కొంత అబద్ధం చెబుతోంది, ఇంజనూ కొంత బలహీనపడింది. రెండింటిలో ఒకటే నిజమై ఉండాలని పట్టుబట్టి ఉంటే రెండోది మరుగున పడేది.

డీజిల్ ఎక్కడి నుంచి కలుస్తోందో కనుక్కోవడం పెద్ద కష్టమేమీ కాలేదు. ఐడ్లింగ్‌లో ఒక్కో నాజిల్ పైపు నట్టును వదులు చేసి మళ్ళీ బిగిస్తూ పోతే, బాగా పనిచేస్తున్న సిలిండరు దగ్గర ఇంజను శబ్దం తడబడుతుంది, పనిచేయని దాని దగ్గర తేడా రాదు. అలా అనుమానం వచ్చిన నాజిళ్ళను పంపు షాపులో పరీక్షిస్తే ఒకటి పొగలా చిమ్మవలసింది చుక్కలుగా కారుస్తోందని తేలింది. కాలకుండా మిగిలిన ఆ డీజిల్ సిలిండరు గోడ మీద ఆయిల్ పొరను కడిగేస్తూ కిందికి దిగి ఛాంబరులో చేరుతుంది. ఇంజను ఆయిల్‌తోనే లూబ్రికేషన్ జరిగే డీజిల్ పంపులున్న బండ్లలో పంపు లోపలి అరుగుదల వల్ల కూడా డీజిల్ ఇదే దారి పడుతుంది కనుక, నాజిళ్ళు బాగున్నాయని తేలితే పంపును వదిలిపెట్టకూడదు. డీజిల్ కొద్ది పాళ్ళు కలిసినా 40 గ్రేడు ఆయిల్ 30 గ్రేడు స్థాయికి పడిపోగలదు. ఆ ఆయిల్‌తో ఘాటు ఎక్కుతుంటే బేరింగుల్లో లోహానికీ లోహానికీ మధ్య నిలవవలసిన పొర నిలవదు.

నాజిల్ మార్చి, కొత్త ఆయిల్, కొత్త ఫిల్టరు వేశాక ఐడ్లింగ్ ప్రెషర్ కేజీకి చేరింది. అక్కడితో ఆపేయమని మేస్త్రీ కూడా అన్నాడు. కానీ రేస్‌లో ముల్లు ఎందుకు లేవడం లేదన్న ప్రశ్న అలాగే మిగిలింది కాబట్టి ఛాంబరు దించమన్నాను. ఛాంబరు దించడం ఇంజను దించడం కాదు. దానికి భయపడి ఇంజను మొత్తానికి ముప్పు తెచ్చుకోవడం నాకు అర్థం కాని విషయం. జల్లెడ మీద సగానికి పైగా అడ్డుపడి కనిపించింది సిలికాన్ పేస్టు. అంతకు ముందు ఎక్కడో ఛాంబరు బిగించినవారు గాస్కెట్‌కు రెండువైపులా పేస్టు ధారాళంగా రాయగా, బిగించినప్పుడు లోపలికి ఒత్తుకు వచ్చిన అంచులు ఆరి, తెగి, ఆయిల్‌లో పడి జల్లెడకు చేరాయి. పేస్టు వాడకమే తప్పు అనడం లేదు. పలచటి గీతగా, బోల్టు రంధ్రాలకు లోపలివైపు ఒత్తుకు రాకుండా రాయాలి, కొద్దిసేపు ఆరనివ్వాలి. లోపలివైపు ఒత్తుకు వచ్చిన పేస్టు తెగితే ఇంజను లోపలే పడుతుంది.

ఛాంబరు దించిన తరువాత బేరింగులు చూడకుండా బిగించడం అన్యాయం. కనెక్టింగ్ రాడ్‌లో పేలుడు బరువంతా పై సగం బేరింగు మీద పడుతుంది, మెయిన్‌లలో కింది సగం మీద పడుతుంది. అందువల్ల రాడ్‌కు పై సగం, మెయిన్‌కు కింది సగం విప్పి చూస్తే అసలు స్థితి తెలుస్తుంది. బూడిద రంగు మెత్తటి పై పూత అరిగి అడుగునున్న రాగి రంగు కనిపిస్తోందంటే ఆ బేరింగు ఆయుష్షు తీరిందన్నమాట. మా రాడ్ బేరింగుల్లో రాగి రంగు మచ్చలు మొదలయ్యాయి, మెయిన్‌లు ఫరవాలేదు. బేరింగుల్లో తిరిగే క్రాంకు జర్నళ్ళ మీద గోరు తగిలేటంత గీతలు లేవు, మైక్రోమీటరుతో అడ్డంగా, నిలువుగా కొలిస్తే గుండ్రం చెడలేదు. కనుక క్రాంకు దించకుండా, అదే సైజు కొత్త రాడ్ బేరింగులు కింది నుంచే వేయించి, నట్లను టార్క్ రెంచితో పుస్తకంలో చెప్పినంతే బిగించాము. చేతి అంచనాతో బిగించడం ఇక్కడ ఒప్పుకోకూడదు. పంపు గేర్లను, పీల్చే పైపు జాయింటును, రిలీఫ్ వాల్వును కూడా విప్పి కడిగి చూశాము.

ఆ వాషరు సలహా గురించి ఇక్కడ గట్టిగా చెప్పాలి, ఎందుకంటే మన జిల్లాల్లో చాలా షెడ్లలో ఇది ఇప్పటికీ వైద్యంగా చెల్లుతోంది. రిలీఫ్ వాల్వు పని ప్రెషర్ ఒక హద్దు దాటినప్పుడు మాత్రమే తెరుచుకుని ఎక్కువైన ఆయిల్‌ను వెనక్కి పంపడం. ఆ హద్దు నాలుగైదు కేజీల దగ్గర ఉంటే, ఐడ్లింగ్‌లో 0.6 కేజీ ఉన్నప్పుడు ఆ వాల్వు ఎటూ మూసుకునే ఉంటుంది. మూసుకుని ఉన్న తలుపుకు ఇంకో గడియ వేసినంత మాత్రాన బేరింగుకు ఒక్క చుక్క కూడా అదనంగా చేరదు. వాషరు వల్ల మారేది ఉదయం చల్లటి ఆయిల్‌తో స్టార్టు చేసినప్పటి గరిష్ఠ ప్రెషర్ ఒక్కటే; అది హద్దు మీరితే ఫిల్టరు సీలూ కూలరూ దెబ్బతింటాయి. వాల్వు కింద మురికి చేరి అది మూసుకోకపోతే దాన్ని విప్పి శుభ్రం చేయాలి, స్ప్రింగు పొడవు కొలిచి చూడాలి. అది వైద్యం.

చిక్కటి ఆయిల్ విషయంలో నా అభిప్రాయం అంత కఠినంగా లేదు. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటడం మామూలే, చలికాలం కూడా ఉత్తరాది చలి కాదు. కనుక ఇంజను పుస్తకం అనుమతిస్తే 20డబ్ల్యు50 పోయడం నేరం కాదు. పని చేయించడానికి వీలు కుదిరే వరకు అది కొంత ఊరట. అయితే అది డీజిల్ కలవడాన్ని ఆపదు, జల్లెడను కడగదు, అరిగిన బేరింగును నింపదు. ఊరటను వైద్యమనుకుంటేనే ముప్పు.

ఇక కిచకిచల సంగతి. ఏ శబ్దమైనా దేన్ని అనుసరించి మారుతోందో చూస్తే దాని ఇల్లు దొరుకుతుంది. ఇంజను స్పీడుతో మారుతోందా, చక్రం వేగంతో మారుతోందా, గుంతల్లో మాత్రమే వస్తోందా, ఏదైనా పెడలు తొక్కితే వస్తోందా? బండి నిలిపి రేస్ ఇస్తే వినిపించే శబ్దానికీ చక్రాలకూ సంబంధం లేదు. దిగుడులో క్లచ్చు తొక్కి ఇంజను ఐడ్లింగ్‌కు దిగినా మారని శబ్దానికీ ఇంజనుకూ సంబంధం లేదు. క్లచ్చు తొక్కగానే మొదలై వదలగానే ఆగేది రిలీజ్ బేరింగు. ఈ నాలుగు ప్రశ్నలతో చూస్తే మా బండిలో ఉన్నది ఒక కిచకిచ కాదు, మూడు. వాటిలో ఆయిల్ ప్రెషర్‌తో సంబంధం ఉన్నది ఒక్కటే.

మొదటిది ఫ్యాన్ బెల్టు కూత. నడుస్తున్న ఇంజనులో బెల్టు లోపలివైపు కొద్దిగా నీళ్ళు చిలకరించినప్పుడు కూత క్షణం ఆగి మళ్ళీ వస్తే బెల్టునే అనుమానించాలి. చేతులు, బట్టలు ఫ్యానుకు దూరంగా ఉంచాలన్నది వేరే చెప్పనక్కరలేదు. వి-బెల్టు పుల్లీ పక్కగోడల మీదే పట్టు సాధిస్తుంది. అరిగి గాడి అడుగును తాకే బెల్టును ఎంత బిగించినా జారుతూనే ఉంటుంది, పైగా అతిగా బిగిస్తే వాటర్ పంపు, ఆల్టర్నేటరు బేరింగులు చెడతాయి. మా బెల్టు పక్కలు అద్దంలా మెరుస్తున్నాయి, కనుక మార్చాము.

రెండోది నెమ్మదిగా కదిలేటప్పుడు కింది నుంచి వచ్చే పిట్టకూత వంటి శబ్దం. చక్రం వేగంతో కచ్చితంగా పెరిగి, వేగం హెచ్చాక ఇతర చప్పుళ్ళలో కలిసిపోయేది. గేరుబాక్సు నుంచి వెనుక చక్రాలకు శక్తినిచ్చే ప్రొపెల్లర్ షాఫ్టు కీలు, అంటే క్రాసు ఎండిపోయినప్పుడు వచ్చే శబ్దం ఇలాగే ఉంటుంది. గ్రీజు గన్ను పెట్టి నొక్కితే క్రాసు నాలుగు కొసల నుంచీ పాత గ్రీజు బయటకు రావాలి. ఒక కొస నుంచి రాలేదంటే లోపలి సూది బేరింగు ఎండి తుప్పు పట్టిందని తెలుసుకోవాలి. మాకు ఒక కొస నుంచి తుప్పు రంగు పొడే వచ్చింది, క్రాసు మార్చక తప్పలేదు. దీనిని అశ్రద్ధ చేస్తే షాఫ్టు ఊడి రోడ్డు మీద పడే ప్రమాదం ఉంది. ఘాటు మీద అది ప్రాణాల మీదికి వస్తుంది. గుంతల్లో కమాను కట్టలు కిర్రుమనడం మాత్రం అంత భయపడవలసినది కాదు. షాకిల్ పిన్నులకు గ్రీజు కొట్టించి, సెంటర్ బోల్టూ యూ బోల్టులూ బిగువుగా ఉన్నాయో లేదో చూస్తే చాలు. చాలామంది ఛాంబరు నుంచి తీసిన నల్ల ఆయిల్‌ను కమాన్ల మీద పోస్తారు. గనుల దారిలో తిరిగే బండికి అది మేలు కంటే కీడే ఎక్కువ చేస్తుంది, ఎందుకంటే ఆ జిడ్డు దుమ్మును పట్టుకుని పట్టీల మధ్య సానరాయి పని చేస్తుంది. పట్టీలు కడిగి గ్రాఫైట్ గ్రీజు రాయడం మంచిది. రబ్బరు బుష్షులున్న చోట ఆ గ్రీజు కూడా తగలనివ్వకూడదు.

మూడోదే నన్ను నిజంగా కలవరపెట్టిన శబ్దం. ఇంజను వేడెక్కాక ఐడ్లింగ్‌లో, హెడ్ పైభాగం నుంచి, క్రాంకు రెండు చుట్లు తిరిగితే ఒకసారి వచ్చే సన్నని కిచ్. పొడవాటి స్క్రూడ్రైవరు కొనను ట్యాపెట్ కవరు మీద ఆనించి పిడిని చెవికి పెట్టుకుంటే వెనుకవైపు సిలిండర్ల మీద స్పష్టంగా వినిపించింది. కవరు విప్పి ఐడ్లింగ్‌లో చూస్తే ముందు రాకర్ల మీద ఆయిల్ పారుతోంది, చివరి రెండు రాకర్లు మాత్రం పొడిగా ఉన్నాయి. ప్రెషర్ తక్కువగా ఉండటం ఒక కారణమైతే, రాకర్ షాఫ్టు లోపల నల్లటి మడ్డి పేరుకుని రంధ్రాలు సగం మూసుకుపోవడం రెండో కారణం. షాఫ్టు విప్పి, రెండు చివరల ప్లగ్గులు తీసి, రంధ్రాలను సన్నని తీగతో పొడిచి డీజిల్‌తో కడిగించాము. అరిగిన రెండు బుష్షులు మార్చి ట్యాపెట్లు సరిచేయించాము. ఈ ఒక్క శబ్దం విషయంలో డ్రైవరు చెవి చెప్పింది నిజం. మిగిలిన రెండింటినీ దీనితో కలిపేసి ఉంటే, బోరు పని పూర్తయ్యాక కూడా బెల్టూ క్రాసూ కూస్తూనే ఉండేవి.

బేరింగులకు ఈ స్థితి ఎందుకు వచ్చిందో కూడా ఆలోచించాలి. నాపరాయి సున్నపురాయి జాతిది, దాని దుమ్ము ఉక్కు కంటే మెత్తన; దానిలోని ఖనిజానికి మోహ్స్ కొలమానంలో గట్టిదనం 3. కానీ గనుల దారి దుమ్ములో ఇసుక కూడా ఉంటుంది, ఇసుకలోని క్వార్ట్జ్ గట్టిదనం 7. ఎయిర్ క్లీనరు నుంచి ఇంజనుకు వెళ్ళే రబ్బరు పైపు క్లిప్పు వదులైతే ఆ ఇసుక నేరుగా సిలిండర్లలోకి, అక్కడి నుంచి ఆయిల్‌లోకి చేరుతుంది. మా పైపు మడతలో ఒక చీలిక దొరికింది. ఆయిల్ ఉండే పాత రకం ఎయిర్ క్లీనరున్న బండ్లలో గిన్నె అడుగున బురద చేరకముందే కడిగి, గీత వరకే ఆయిల్ పోయాలి. టార్‌రోడ్డు మీద తిరిగే బండికి చెప్పిన గడువులు గనుల బండికి వర్తించవు.

అన్నీ పూర్తయ్యాక అదే లోడుతో గువ్వలచెరువు ఘాటు ఎక్కించి చేతి మీటరుతో చూస్తే వేడి ఐడ్లింగ్‌లో 1.3 కేజీలు, రెండు వేల చుట్ల దగ్గర 3.4 కేజీలు చూపింది. సెండరు, ఎర్త్ పట్టీ మార్చాక క్యాబిన్ మీటరు కూడా దానికి దగ్గరగానే చూపుతోంది. డ్రైవరుకు రెండు మాటలు ఖాయం చేశాను: ఎర్ర లైటు వెలిగి లోపల తట్టుడు శబ్దం కూడా వస్తే ఊరు ఎంత దూరమున్నా ఇంజను అక్కడే ఆపాలి, నోటుపుస్తకంలో ఆ నాలుగు అంకెలు రాయడం మానకూడదు. వచ్చే ఆయిల్ మార్పుకు ఫిల్టరును కోసి, మడతలు విప్పి, అయస్కాంతం ఆడించి చూడమని మేస్త్రీకి చెప్పి ఉంచాను. కొత్త బేరింగులు సర్దుకునేటప్పుడు కొద్దిగా సన్నని పొడి రావడం సహజమే కనుక దానికి కంగారు పడను. రాగి రంగు రేకులు కనిపిస్తే మాత్రం మెయిన్ బేరింగులు కూడా మార్పించి, క్రాంకును లేత్‌లో చూపించిన తరువాతే మళ్ళీ బండలు ఎత్తుతాము.